కిమ్ నదిలో ట్రౌట్ పట్టే విధానం

ట్రౌట్ పట్టాలంటే కాశ్మీరు వెళ్ళాలని కొందరు అంటుంటారు. సూరత్‌లో స్వరాజ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాట్రా దాకా తీసుకుపోతుంది, అక్కణ్ణించి శ్రీనగర్, ఆ పైన పహల్గాం పక్కన లిడ్డర్ నది. ఇదంతా ఉన్న ఊరిని నమ్మనివాళ్ళు చేసే పని. కిమ్‌లో ఉంటున్న మనకి నది ఊరి పేరుతోనే ఉంది. రైల్వే స్టేషనుంది, హైవే మీద కిమ్ చౌకడీ ఉంది, పిపోదరాలో సాంచెలు, అంటే మరమగ్గాలు ఉన్నాయి, సెలవు రోజున ఏం చేయాలో తోచక గదిలో పడుకునే తెలుగు తమ్ముళ్ళు బోలెడుమంది ఉన్నారు. లేనిదల్లా ట్రౌట్ ఒక్కటే. అదొక్కటి లేదని ఆగిపోయేవాడు జీవితంలో ఏమీ పట్టలేడు.

ముందు నీళ్ళ వేడి సంగతి తేల్చేద్దాం, అనుమానాలన్నీ అక్కడే పుడతాయి గనక. ట్రౌట్‌కి 10 నుంచి 15 డిగ్రీల నీళ్ళు హాయి. 20 దాటితే మేత మీద ధ్యాస తగ్గుతుంది, 25 దగ్గరికొచ్చేసరికి ప్రాణం మీదికొస్తుంది. చల్లటి నీళ్ళలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది, వేడెక్కేకొద్దీ తగ్గిపోతుంది. ఈ చేపకేమో మిగతావాటికన్నా అది ఎక్కువ కావాలి. ఇక మే నెలలో కిమ్ మడుగులో చెయ్యి పెట్టి చూడండి, బాలింత స్నానానికి కాచిన నీళ్ళలా ఉంటాయి. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని నీరసపడిపోకండి. ఆ లెక్కలన్నీ చలిదేశాల ట్రౌట్ మీద కట్టినవి. కిమ్ ట్రౌట్‌ని ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించనిదాన్ని పట్టుకుని ఎండకి చచ్చిపోతుందని ఎలా అంటారు?

మరీ గుబులుగా ఉంటే మంచు వాడండి. దీనికి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 1864లో ఇంగ్లండు నుంచి టాస్మేనియాకి ట్రౌట్ గుడ్లను తడి నాచులో పేర్చి, మంచు మధ్య పెట్టి, ఓడలో భూమధ్యరేఖ దాటించారు. గుడ్లు బతికాయి. మంచు పనిచేస్తుందని దాంతో తేలిపోయింది. అక్కడ చల్లబరిచింది పెట్టెల్ని, మనం చల్లబరచాల్సింది నదిని అనే తేడా ఉందనుకోండి, అలాంటివి పట్టుకుని కూచుంటే పనులు కావు. లెక్క సులువు: ఒక కిలో మంచు సుమారు 6 లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి 15కి దింపుతుంది. 50 కిలోల దిమ్మ తెచ్చారంటే 300 లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ముకి ఒకటిన్నర. దిమ్మను గోనెపట్టాలో చుట్టి టెంపోలో తెప్పించి ఒడ్డు నుంచి నీళ్ళలోకి తోయండి. చల్లబడ్డ నీళ్ళు అక్కడే ఉండవు, ముందుకు పోతాయి. మీరూ వాటి వెంట నడవండి. నడుస్తూనే గాలం వేయాలి. దిమ్మ కరిగిపోయాక వేసే గాలానికి నా పూచీ లేదు.

హైదరాబాదు శివార్లలో కందుకూరు దగ్గర రెయిన్‌బో ట్రౌట్ పెంచుతున్నారు కదా అని ఎవరైనా అడ్డుపడవచ్చు. నిజమే. షెడ్డులో తొట్లు కట్టి, నీళ్ళను యంత్రాలతో చల్లబరిచి, శుభ్రంచేసి, మళ్ళీ మళ్ళీ తిప్పుతూ పెంచుతారు. చేపకి కావలసినవన్నీ అమర్చిపెట్టి పెంచడంలో గొప్పేముంది? ఏమీ అమర్చకుండా పట్టడంలో ఉంది.

ట్రౌట్ మీద మనవాళ్ళకి ఒక హక్కు కూడా ఉంది. కాశ్మీరులో ఇది మొదట్నుంచీ ఉన్న చేప కాదు. 1899లో తెప్పించిన మొదటి విడత గుడ్లు దక్కలేదు. 1900లో మళ్ళీ తెప్పిస్తే అవి నిలిచాయి. వాటిని సాకినవాళ్ళలో ముఖ్యుడు ఫ్రాంక్ మిచెల్ అనే దొర. ఆయన వృత్తి ఏమనుకున్నారు? శ్రీనగర్‌లో తివాచీల కార్ఖానా. మగ్గాల మనిషి! సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి తాతల కాలంలోనే సూరత్ చేరి, లింబాయత్ గల్లీల్లో ఇళ్ళు కట్టుకుని, పిల్లల్ని మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివించుకున్న పద్మశాలీలకి ఇంతకన్నా ఏం కావాలి? తివాచీలు నేయించినవాడు కాశ్మీరులో ట్రౌట్‌ని నిలబెట్టగా లేనిది, చీరలు నేసేవాడు కిమ్‌లో నిలబెట్టలేడా? హార్వన్‌లో కొండల మీంచి దిగే మంచునీళ్ళు ఉన్నాయి గనకే అక్కడ హేచరీ నడిచిందన్న వివరం మీకు అనవసరం. నీలగిరుల్లో ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడు 1860లలోనే ప్రయత్నించి చేతులు కాల్చుకున్నాడన్నదీ, 1907లో అవలాంచిలో హేచరీ పెట్టాక గానీ అక్కడ రెయిన్‌బో ట్రౌట్ కుదురుకోలేదన్నదీ అసలే అనవసరం. పాపం, ఆ డే భారతదేశపు చేపల మీద అంత పెద్ద గ్రంథం రాశాడు గానీ, యూట్యూబ్ చూసే భాగ్యానికి నోచుకోలేదు.

ఇప్పుడు సామాను. గాలం నంబరు దగ్గర కొత్తవాళ్ళు మోసపోయినంతగా ఇంకెక్కడా మోసపోరు, కాస్త నిదానంగా చదవండి. ట్రౌట్ గాలాలకు 10, 12, 14, 16, 18 అని నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందట. నూలు మగ్గం మీద బతికిన తాతకి చెబితే ఆయన వెంటనే తలూపుతాడు. ఆయన లోకంలో నూలుకి కౌంటు ఉండేది: ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత కౌంటు. 40 కౌంటు మోటు, 100 కౌంటు సన్నం. నంబరు పెరిగితే దారం సన్నబడేది. సూరత్‌లో పాలిస్టర్ సాంచె నడిపే మనవడిది వేరే లోకం. అతనిది డెనియరు: 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 50 కన్నా 75 లావు, 75 కన్నా 150 లావు. ఒకే ఇంట్లో, ఒకే అరుగు మీద కూర్చుని, దారం గురించి మాట్లాడుకుంటూ తాతా మనవలిద్దరూ ఒకరినొకరు తెలివితక్కువవాళ్ళు అనుకోవడం నేను కళ్ళారా చూశాను.

నా సలహా ఏమిటంటే, మనం ఉన్నది సూరత్ జిల్లాలో. డెనియరు లెక్కే పాటించాలి. పెద్ద చేప కావాలంటే పెద్ద నంబరు కొనాలి. 22వ నంబరు అడగండి. కొట్టువాడు ఒకటికి రెండుసార్లు "బావీస్?" అని అడుగుతాడు. తడబడకండి, గట్టిగా "బావీస్" అనండి. పొట్లం ఇంటికి వచ్చాక ఖాళీగా కనిపిస్తుంది. తెల్లగుడ్డ మీద దులిపితే ఆవగింజంత ఇనుప తుంట ఒకటి రాలుతుంది. అదే. దాని తలకి కన్నం ఉంటుంది, అందులోంచి దారం పోవాలి. అల్లె తీసి తీసి ఆరితేరిన మీ అత్తమ్మని కూడా పిలవండి, కళ్ళజోడు తెచ్చుకోమనండి. ఫ్యాన్ ఆపండి. ఎవరూ తుమ్మకూడదు. సాంచెల షెడ్డులో మాత్రం పొట్లం విప్పకండి, కింద పడితే దాన్ని వెతికేది కాళ్ళే.

గాలానికి ఎర గుచ్చడం పాతపద్ధతి. ట్రౌట్ తినేది నీళ్ళ మీద వాలే చిన్న ఈగల్ని, అంతకన్నా ఎక్కువగా రాళ్ళ కింద పెరిగే వాటి పిల్లపురుగుల్ని. వాటిని పోలిన బొమ్మను ఈకతో, దారంతో గాలానికి కడతారు. ఫ్లై అంటారు దాన్ని. మెరుపు కోసం కొన్నిటి నడుముకి సన్నటి లోహపు తీగ చుడతారు. ఈ ముక్క వినగానే సూరత్‌వాడి ఛాతీ ఉప్పొంగాలి. జరీ! దేశమంతటికీ జరీ పంపే ఊరు మనది. పురుగంత బొమ్మ కట్టి ఊరి పరువు తీయకండి. పెళ్ళిచీర కొంగు ముక్క ఒకటి, నాలుగు చెమ్కీలు, రెండు కుచ్చులు, వీలైతే అంచులో నెమలి కూడా వచ్చేలా కట్టండి. గాలం 22వ నంబరే గనక అది ఈ బరువు మోయదు, లోపల ఎక్కడో ఉండిపోతుంది. ఉండనివ్వండి. ట్రౌట్ అలంకారం చూసి వస్తుంది గానీ గాలం చూసి కాదు.

కిమ్‌కి ఉన్న గొప్ప సౌకర్యం, కాశ్మీరుకైనా లేనిది, చెప్పడం మరిచాను. హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ పట్టకూడదు, అవి గుడ్లు పెట్టే కాలం. కాశ్మీరులో నదిని బీట్లుగా విడగొట్టి, ఏ బీటుకి ఆ బీటు పర్మిట్ ఇస్తారు. కిమ్‌లో ట్రౌట్‌కి నిషేధ కాలమే లేదు. పన్నెండు నెలలూ పట్టవచ్చు. పర్మిట్ అడిగేవాడూ లేడు. ఆ మడుగులో చేపలు ఎవరైనా వేలంపాట పాడుకున్నారేమో ముందుగా కనుక్కోవాలని పెద్దలంటారు. కనుక్కోకండి. అడిగితే చెబుతారు.

నీటి దగ్గరికి వెళ్ళే పద్ధతి మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి ఒకేచోట నిలబడుతుంది, కొట్టుకొచ్చే తిండి నోట్లో పడాలని. అందుకని వేటగాడు దిగువ నుంచి, దాని వెనక నుంచి, వంగి, చప్పుడు చేయకుండా రావాలంటారు. నీడ కూడా నీళ్ళ మీద పడకూడదట. ఇది దొరల మర్యాద కావచ్చు, మనది కాదు. మనలో ఎవరైనా పెద్దమనిషిని వెనక నుంచి పలకరిస్తారా? ఎగువ నుంచి, ఎదురుగా, దండం పెడుతూ రండి. తెల్లచొక్కా వేసుకుంటే ఇంకా బావుంటుంది, దూరం నుంచే గుర్తుపడుతుంది. చేపకి చెవులు బయటికి కనబడవు గానీ ఒంటి పక్కన గీతలాంటి ఇంద్రియం ఉంటుంది, నీళ్ళలో కదలికలన్నీ దానికి తెలిసిపోతాయి. గట్టు మీద అడుగులు బరువుగా వేసినా సరే. కాబట్టి నలుగురైదుగురు కలిసి దబదబా నడవండి, వస్తున్నట్టు ముందే కబురు అందుతుంది. కబురు లేకుండా ఇంటికొచ్చిన చుట్టాన్ని మనమైనా ఇష్టపడం కదా.

ఎగువ ఏదో దిగువ ఏదో తేలకపోతే పడమటికి పొండి. కిమ్ నది హాంసోట్ తాలూకాలో కాంటియాజాళ్ దగ్గర ఖంభాత్ గల్ఫులో కలుస్తుంది. దేశంలోనే పెద్దవైన పోటుపాట్లు ఆ గల్ఫువి. నదీముఖం దగ్గర రోజుకి రెండుసార్లు సముద్రం లోపలికి తోసుకొస్తుంది, దిగువ ఎగువ అవుతుంది. అక్కడ నిలబడితే మీరు ఎటునుంచి వచ్చినా రోజులో సగంసేపు మీ పద్ధతి సరైనదే. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని బెంగపడకండి, వండేటప్పుడు ఉప్పు కలిసొస్తుంది.

గాలం విసరడం గురించి పుస్తకాలు చాలా రాస్తాయి. కర్రను గడియారంలో పది గంటల ముల్లుకీ రెండు గంటల ముల్లుకీ మధ్య ఆడించాలి, దారం వెనక్కి పూర్తిగా పరుచుకునేదాకా ఆగాలి, అప్పుడు ముందుకు వేయాలి అని. వెనక్కి పరుచుకునే చోట కిమ్ గట్టున ఏముంటుందో ఆ పుస్తకాలకి తెలియదు. సర్కారు తుమ్మ. గుజరాతీలు దాన్ని గాండో బావళ్ అంటారు, పిచ్చితుమ్మ అని. మీ కొంగు ముక్క, చెమ్కీలు, నెమలి అంతా మొదటి విసురులోనే దాని నెత్తిన చేరతాయి. తీయడానికి ఎక్కకండి. అక్కడే వేలాడనిచ్చి, కింద దండం పెట్టుకుని, నాలుగు రోజులాగి చూడండి, ఇంకో రెండు గుడ్డముక్కలు కట్టి ఉంటాయి. ట్రౌట్ పడకపోయినా గుడి పడుతుంది.

ఫ్లై పోయింది గనక ఇక ఎరే గతి. ఎర్రలు తవ్వడం నామోషీ అనుకునేవాళ్ళు లోచో వాడవచ్చు. శెనగపప్పు రుబ్బి ఆవిరికి ఉడికించి, నూనె, సేవ్ వేసి పెడతారు సూరత్‌లో, పొద్దున్నే వేడివేడిగా దొరుకుతుంది. అందులో సగం మీరు తిని, సగం ముద్దచేసి గాలానికి పెట్టండి. గాలం ఈసారి ఏదైనా పరవాలేదు, మీ మేనల్లుడి దగ్గరున్న మామూలు కొక్కెం చాలు. బెండు వేసి కూర్చోండి.

ఇక్కడ ఒక ఉపద్రవం ఉంది, ముందే హెచ్చరిస్తున్నాను. పిండిముద్ద వేస్తే బెండు కదులుతుంది. మొదట రెండుసార్లు చిన్నగా మునిగి లేస్తుంది, తర్వాత పక్కకి జారుతూ ఒక్కసారిగా కిందికి పోతుంది. లాగితే కర్ర వంగుతుంది. చేతికి బరువు తెలుస్తుంది. సంతోషపడకండి. పైకి వచ్చేది రవ్వ చేప. బంగారు రంగు పొలుసుల మీద నీళ్ళు జారుతూ, నోరు తెరిచి మూస్తూ, రెండు కిలోలకి తగ్గకుండా. కాస్త పైన బొచ్చె, మధ్యలో రవ్వ, అడుగున ఎర్రమోసు, ఏ నీళ్ళలో చూసినా మూడూ మూడు అంతస్తుల్లో కాపురం ఉంటాయి. ట్రౌట్‌కి చోటే ఇవ్వవు. పడ్డ రవ్వను వెంటనే నీళ్ళలోకి వదిలేయండి. పక్కన కూర్చున్నవాళ్ళు "అన్నా, అన్నా!" అని అరుస్తారు, పులుసుకి పనికొస్తుందంటారు. వాళ్ళకి లక్ష్యం లేదు. ఇలా రెండు మూడు వదిలేసరికి ఆ మడుగులో రవ్వలకి మీ లోచో రుచి బాగా అలవాటైపోతుంది. చోటు మార్చుకోండి.

చోటు మారుస్తూ సముద్రం వైపు పోతే వల వేసే ముసలాయన ఎవరో ఒకరు ఎదురవుతారు. బుట్టలో వెండిలా మెరిసే చేపలు, నాలుగు రొయ్యలు ఉంటాయి. "బోయీ లేవీ ఛే, భాయ్?" అని అడుగుతాడు. కొనకండి. కాకా అని మర్యాదగా పిలిచి, "ట్రౌట్ ఛే?" అని అడగండి. "ఏ శూం?" అంటాడు. ఫోన్లో బొమ్మ చూపించండి. ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, ఎక్కడిదని అడుగుతాడు. కిమ్ అని చెప్పండి. ఆయన బుట్టను మెల్లిగా మీకు దూరంగా అవతలి భుజానికి మార్చుకుంటాడు. దీన్ని ఈర్ష్య అంటారు.

అలాంటివాళ్ళు భరూచ్ దగ్గరి భాడ్‌భూత్ మాట కూడా ఎత్తుతారు, చెవిన వేసుకోకండి. కిమ్‌లో మెము ఎక్కితే భరూచ్ ఎంతో దూరం కాదు; అక్కడ నర్మద సముద్రంలో కలిసేచోట, వానాకాలపు ఎర్రనీళ్ళకి ఎదురెక్కి హిల్సా వస్తుంది. అదే చేప గోదావరికి ఎదురెక్కితే పులస అంటాం, పుస్తెలమ్మి అయినా తినాలంటాం. ముఖద్వారం దగ్గర బ్యారేజీ కడుతుంటే ఆ చేప రాకపోకలు ఏమైపోతాయోనని అక్కడి జాలర్లు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. పులస మన గుమ్మం దాకా వచ్చే చేప, పైగా రేపు ఉంటుందో లేదో తెలియని చేప. అంత సులువైనదాని వెంట పడితే ట్రౌట్ వేటగాడు అనిపించుకోలేరు.

చివరికి ఇంటికి ఖాళీ చేతులతో పోలేరు గనక వంట సంగతి. నవజీవన్‌లో వరంగల్ నుంచి బావమరిది దిగుతున్నాడు, మీరు నెలరోజులుగా వాట్సాప్‌లో ట్రౌట్ అని ఊరించారు. బజారులో రవ్వ కొనండి, మీరు వదిలేసిన సైజుదే. నిజమైన ట్రౌట్‌ని వెన్నలో దోరగా వేయించి ఉప్పు, నిమ్మరసంతో తింటారు, దాని రుచి అంత నాజూకు. కాబట్టి నిమ్మకాయ జోలికి పోకుండా చింతపండు దండిగా పిసికి, కారం, మెంతిపొడి దట్టించి పులుసు పెట్టండి. ఆ పులుసులో ఏ చేపైనా ఒకటే. పొలుసులతో మాత్రం జాగ్రత్త. ట్రౌట్ పొలుసు ఎంత సన్నమంటే తీయకుండానే వండుకోవచ్చు. రవ్వ పొలుసు రూపాయి బిళ్ళంత ఉంటుంది, చెత్తబుట్టలో తళతళలాడుతూ పట్టిస్తుంది. కాగితంలో చుట్టి రైల్వే స్టేషను దాకా మోసుకెళ్ళి పారేయండి.

ఇంటి ఓనరు కింది వాటాలోనే ఉండే శాకాహారి కాకా అయితే, పోపు వేసే ముందు కిటికీలు మూసి రెండు అగరొత్తులు ఎక్కువ వెలిగించండి. అయినా వాసన తెలిసి పైకొచ్చి ఏం వండుతున్నారని అడిగితే ట్రౌట్ అనే చెప్పండి, అబద్ధమాడకూడదు. అదేమిటంటే కాశ్మీరులో పండే ఒక కూరగాయ అనండి. ఆయన మెట్లు దిగి మనవడి చేత ఫోన్లో వెతికించేలోపు గిన్నె ఖాళీ కావాలి. బావమరిదిని ముళ్ళు చూసుకుంటూ కూర్చోవద్దనండి.